నార్త్ యార్క్ మూర్స్ సెలవులు: ఎవరితో వెళ్తే ఎటు వెళ్లాలి?

యూకేలో ఉండే మనవాళ్ల ఇళ్లలో ఏటా వేసవిలో వచ్చే చర్చే ఇది. ఊరి నుంచి అమ్మానాన్నో అత్తమామలో వచ్చి ఉంటారు. పిల్లలకు బడి సెలవులు. లండన్ చూపించేశారు, లేక్ డిస్ట్రిక్ట్ అయిపోయింది. "ఈసారి యార్క్‌షైర్ సముద్రం వైపు వెళ్దాం" అని ఎవరో అంటారు. మ్యాప్ తెరిస్తే విట్బీ, స్కార్‌బరో, రాబిన్ హుడ్స్ బే, గోత్‌లాండ్, హెల్మ్స్‌లీ అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. అన్నీ ఒక్క రోజులో చుట్టేయొచ్చనిపిస్తుంది. అలా బయల్దేరినవాళ్లకు చివరికి మిగిలేవి పార్కింగ్ టికెట్లు, కారు కిటికీలోంచి తీసిన ఫోటోలు.

నేను చెప్పేది ఒక్కటే. రోజుకు ఒకటే పెద్ద గమ్యం పెట్టుకోండి. అది ఏదన్నది, మీ బృందంలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి నిర్ణయించండి.

ముందు ఆ ప్రాంతం సంగతి. నార్త్ యార్క్ మూర్స్ 1952లో నేషనల్ పార్క్ అయింది. విస్తీర్ణం 1,436 చదరపు కిలోమీటర్లు. మధ్యలో ఎత్తైన పీఠభూమి. చెట్లు దాదాపు ఉండవు, కనుచూపు మేర మోకాలెత్తు హెదర్ పొదలు, అక్కడక్కడ గొర్రెలు, పాతకాలపు రాతి శిలువలు. అదే మూర్. ఆ పీఠభూమిని కోసుకుంటూ పచ్చని లోయలు. తూర్పున నేల ఒక్కసారిగా తెగి, కొండచరియల కింద ఉత్తర సముద్రం. పొద్దున మూర్ మీద నడిచి అరగంట ప్రయాణంలో సముద్రపు ఒడ్డున కూర్చోగలగడమే ఇక్కడి గొప్ప. ఊళ్ల కోసం వచ్చి మూర్ మీద కాలు పెట్టకుండా వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

మోకాళ్లు. ఈ తీరంలో ఊళ్లన్నీ ఏటవాలు మీదే ఉన్నాయి. దిగడం ఎవరైనా దిగుతారు, తిరిగి ఎక్కేటప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. "పర్లేదు, నడుస్తాను" అని పెద్దవాళ్లు మొహమాటానికి అంటారు. వాళ్ల మాట మీద వదిలేయకుండా, ఎక్కడ ఎన్ని మెట్లున్నాయో ముందే మీరు తెలుసుకోండి.

నెల. హెదర్ పూసేది జులై చివరి నుంచి సెప్టెంబర్ మొదటి రోజుల దాకా. ఆగస్టు మధ్యలో మూర్ అంతా వంగపండు రంగుకు తిరుగుతుంది. మే నెలలో వెళ్లి ఆ రంగు కోసం వెతక్కండి, అప్పుడు కొండలన్నీ గోధుమ రంగులో ఉంటాయి. మేలో లోయలు బాగుంటాయి, గొర్రెపిల్లలు ఉంటాయి, జనం తక్కువ.

గాలి. వసంతంలోనూ వేసవి మొదట్లోనూ తూర్పు గాలి వీచిందంటే సముద్రం మీంచి చల్లని పొగమంచు ఒడ్డుకు కమ్ముకొస్తుంది. ఇక్కడివాళ్లు దాన్ని సీ ఫ్రెట్ అంటారు. అలాంటి రోజున విట్బీలో పది గజాల అవతల ఏముందో కనపడదు, అదే సమయానికి తీరానికి దూరంగా లోపలున్న పికరింగ్‌లో ఎండ కాస్తుంటుంది. అందుకే సముద్రం రోజును ఫలానా తేదీ అని ముందే బిగించేయకండి. ఒక తీరపు రోజు, ఒక లోపలి రోజు చేతిలో ఉంచుకుని, పొద్దున్నే వాతావరణం చూసి మార్చుకోండి.

ఆటుపోట్లు. మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే, ప్రమాదం ఉన్నదీ ఇక్కడే. ఈ తీరంలో చాలాచోట్ల పోటు వచ్చినప్పుడు నీళ్లు కొండచరియ దాకా వచ్చేస్తాయి. వెనక్కి నడిచే దారి మిగలదు. ఆ రోజు ఆటుపోట్ల వేళలు ఫోన్‌లో చూడకుండా బీచ్ వెంబడి నడక మొదలుపెట్టకండి.

తిండి. యార్క్‌షైర్‌లో చేపా చిప్స్ కొట్లు చాలామటుకు నూనెలో వేయించవు. బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు కొవ్వులో వేయిస్తాయి. చిప్స్ కూడా అందులోనే. "శాకాహారమే కదా, ఆలుగడ్డే కదా" అని అమ్మావాళ్లకు పొట్లం కొనిచ్చేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. కౌంటర్ దగ్గర "దేంట్లో వేయిస్తారు?" అని అడగడంలో తప్పేమీ లేదు, వాళ్లు సూటిగానే చెబుతారు. నూనెలో వేయించే కొట్లూ ఉంటాయి, ఓపిగ్గా వెతకాలి. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో కట్టుకెళ్తే ఏ బెంగా ఉండదు. తీరపు ఊళ్లలో మాత్రం డబ్బా మూత తీసేముందు పైకి చూడండి. విట్బీ సముద్రపు కాకులు, అదే సీగల్స్, చేతిలోంచి ముద్ద లాక్కెళ్లేంత ధైర్యం ఉన్నవి. గోడకు వీపు ఆనించి కూర్చుంటే వెనక నుంచి రాలేవు.

బండి. కారు ఉంటే అన్నీ అందుబాటులోనే. లేకపోతే తీరపు ఊళ్లు తేలిక, మూర్ కష్టం.

| ఎక్కడికి | నడక, ఎక్కుడు | వాన పడితే | కారు లేకుండా | ఎవరికి బాగా నప్పుతుంది |
|---|---|---|---|---|
| విట్బీ | ఎక్కువ, కానీ తప్పించుకునే దారి ఉంది | మ్యూజియాలు, కొట్లు | బస్సు, రైలు ఉన్నాయి | మొదటిసారి వచ్చేవాళ్లు, విద్యార్థులు |
| ఆవిరి రైలు, గోత్‌లాండ్ | తక్కువ | రైల్లో కూర్చోవచ్చు | పికరింగ్ దాకా బస్సు | పెద్దవాళ్లు, పిల్లలు కలిసి |
| రాబిన్ హుడ్స్ బే | నిట్రపు ఏటవాలు | సరదా పోతుంది | బస్సు ఉంది | ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు |
| స్కార్‌బరో | బీచ్ దగ్గర తక్కువ | పర్వాలేదు | యార్క్ నుంచి నేరుగా రైలు | చంటిపిల్లలు |
| హెల్మ్స్‌లీ, రీవో | చాలా తక్కువ | ఓ మాదిరి | కష్టం | మోకాళ్ల నొప్పులున్నవాళ్లు |
| మూర్ మీద నడక | మీ ఇష్టం | వద్దు | చాలా కష్టం | నడక ఇష్టమున్న ఎవరికైనా |

## విట్బీ

ఒకే ఒక్క ఊరు చూడగలిగితే ఏది అంటే విట్బీ అనే చెబుతాను. ఎస్క్ నది సముద్రంలో కలిసేచోట రెండు కొండల మధ్య ఊరు. తూర్పు కొండ మీద శిథిలమైన అబ్బే, అంటే పాత క్రైస్తవ మఠం, కింద ఇరుకు సందులు, మధ్యలో పడవల కోసం పక్కకు తిరిగే వంతెన.

మఠం మొదట కట్టింది 657లో. నడిపింది సెయింట్ హిల్డ్ అనే స్త్రీ. 664లో ఇక్కడే పెద్ద సభ జరిగింది, ఈస్టర్ ఏ రోజు చేయాలన్నది తేల్చడానికి. పండగ ఈ రోజా, రేపా అన్న మన పంచాంగాల తగువు లాంటిదే. రోమ్ లెక్క గెలిచింది. ఇప్పుడు కనపడే పెద్ద పెద్ద తోరణాలు ఆ తర్వాతి శతాబ్దాలవి.

అబ్బేకి వెళ్లే 199 మెట్లు ఫోటోల్లో అందంగా ఉంటాయి. మధ్యమధ్యలో వెడల్పు చప్టాలు, బెంచీలు ఉన్నాయి. పూర్వం శవపేటికలు మోసేవాళ్లు దించుకుని ఊపిరి పీల్చుకోవడానికి కట్టినవవి. మెట్లు ఎక్కలేనివాళ్లను కారులోనే పైకి తీసుకెళ్లొచ్చు, అబ్బే పక్కనే పార్కింగ్ ఉంది. నేనైతే పెద్దవాళ్లను పైన దింపి, పిల్లలతో మెట్లెక్కి అక్కడ కలవమంటాను. కొండ మీద గాలి ఆగస్టులో కూడా చెవులు గడ్డ కట్టించేలా ఉంటుంది. పెద్దవాళ్లకు మఫ్లర్ తప్పనిసరి.

వాన పడితే గ్రేప్ లేన్‌లోని కెప్టెన్ కుక్ మ్యూజియానికి వెళ్లండి. 1746లో జేమ్స్ కుక్ కుర్రవాడిగా ఓడ యజమాని జాన్ వాకర్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన ఇల్లు అది. శిష్యులు పడుకున్న అటక ఇప్పటికీ చూడొచ్చు. కుక్ పసిఫిక్ సముద్రానికి వెళ్లిన ఎండెవర్ ఓడ కట్టింది కూడా ఈ ఊళ్లోనే.

చర్చ్ స్ట్రీట్‌లో నల్లటి నగల కొట్లు వరసగా ఉంటాయి. అది విట్బీ జెట్. జురాసిక్ కాలంలో సముద్రంలో మునిగిన చెట్లు కోట్ల ఏళ్లకు అలా మారాయి. 1861లో భర్త పోయాక విక్టోరియా రాణి వీటిని ధరించడంతో దేశమంతా గిరాకీ పెరిగింది. చేతిలోకి తీసుకుని చూడండి. రాయనుకుని పట్టుకుంటే ఏమీ బరువుండదు, గాజులా చల్లగా తగలదు. మెరుగు పెట్టని పింగాణీ మీద గీస్తే గోధుమ రంగు గీత పడుతుంది. మంచి కొట్టువాళ్లు అడిగితే అది చూపిస్తారు.

ఇబ్బందల్లా జనమే. ఆగస్టు శని ఆదివారాల్లో పొద్దున పది దాటాక కారు పెట్టే చోటు దొరకడం గగనం. వేసవిలో ఊరి బయట పార్క్ అండ్ రైడ్ నడుస్తుంది, దాన్నే వాడండి. వారం మధ్యలో వెళ్లగలిగితే ఇంకా మంచిది.

## ఆవిరి రైలు, గోత్‌లాండ్

మూడు తరాలు కలిసి వెళ్తుంటే దీన్ని మించింది లేదు. పికరింగ్ నుంచి గ్రోమంట్ దాకా 18 మైళ్ల దారి, కొన్ని రైళ్లు విట్బీ దాకా వెళ్తాయి. జార్జ్ స్టీఫెన్సన్ వేసిన ఈ దారి 1836లో మొదలైంది. అప్పట్లో పెట్టెలను గుర్రాలు లాగేవి. 1965లో మూసేస్తే, ఊరివాళ్లూ రైలంటే ప్రాణం పెట్టేవాళ్లూ పట్టుబట్టి 1973లో మళ్లీ తెరిచారు. ఇప్పటికీ ఎక్కువ పనులు చేసేది స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే.

మన పెద్దవాళ్లలో చాలామందికి బొగ్గింజన్ తెలుసు. కిటికీలోంచి తల బయట పెడితే కంట్లో నలుసు పడటం, బట్టల మీద మసి, స్టేషన్‌కు ముందు వచ్చే పొడుగాటి కూత. మనవలకు వాళ్లే గైడ్లయిపోతారు. ఇంగ్లండ్ వచ్చాక మొదటిసారి వాళ్లు చెప్పే చోటు, మనం వినే చోటు అదే.

గోత్‌లాండ్ స్టేషన్ హ్యారీ పాటర్ మొదటి సినిమాలో హాగ్స్‌మీడ్‌గా కనపడింది, పిల్లలకు ఆ ఒక్క మాట చాలు. ఊళ్లో గొర్రెలు ఎవరి ఇంటి ముందైనా పడుకుంటాయి. ఓపిక ఉన్నవాళ్లు పాత రైలు దారి వెంబడి గ్రోమంట్‌కు నడవొచ్చు. మూడున్నర మైళ్లు, అదీ దిగుడు దారి. మిగతావాళ్లు రైల్లో వచ్చి అక్కడ కలుస్తారు. ఇలా విడిపోయి కలిసే వీలు ఇంకే రోజులోనూ ఇంత బాగా కుదరదు. మాలియన్ స్పౌట్ జలపాతం మాత్రం పెద్దవాళ్లకు వద్దు. దారిలో బండరాళ్లు తడిగా జారుతుంటాయి. కుర్రాళ్లకైనా చూసి అడుగు వేయాల్సిన చోటే.

కుటుంబం మొత్తానికి టికెట్లంటే ఖర్చు గట్టిగానే అవుతుంది. రైళ్లు ఏడాది పొడవునా రోజూ నడవవు, ప్రధానంగా వసంతం నుంచి అక్టోబర్ దాకా. టైమ్‌టేబుల్ చూసుకునే మిగతా రోజులు అమర్చుకోండి.

## రాబిన్ హుడ్స్ బే

కొండ చీలికలో ఇళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న పాత జాలర్ల ఊరు. పద్దెనిమిదో శతాబ్దంలో దొంగ సరుకుకు పేరు మోసింది. బయటివాళ్ల కార్లు కిందికి పోనివ్వరు. పైన ఆపి నిట్రంగా దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఇక్కడికి తీసుకురాకండి. "సగం దాకా వస్తాను" అన్నా సగంలో కూర్చోవడానికి పెద్దగా చోటుండదు.

పిల్లలకు మాత్రం ఇది స్వర్గం. సముద్రం వెనక్కి తగ్గితే నల్లటి రాతి పలకలు వంపులు తిరిగి బయటపడతాయి. వాటి మధ్య నీటి గుంటల్లో పీతలు, సముద్రపు పూలు. గులకరాళ్లలో ఓపిగ్గా వెతికితే చుట్టలు తిరిగిన అమ్మోనైట్ శిలాజాలు దొరుకుతాయి. ఇక్కడి పాత కథ ప్రకారం అవన్నీ హిల్డ్ రాళ్లుగా మార్చేసిన పాములు. ఒక రకం అమ్మోనైట్‌కు శాస్త్రవేత్తలు ఆమె పేరు మీదే హిల్డోసెరాస్ అని పెట్టారు. మన పూజామందిరాల్లోని శాలగ్రామాలు కూడా అమ్మోనైట్ శిలాజాలే, నేపాల్ గండకీ నది నుంచి వచ్చేవి. పిల్లాడి అరచేతిలోని రాయిని చూసి నాయనమ్మ ఏమంటుందో మీరే ఊహించుకోండి.

సముద్రం తగ్గుతున్నప్పుడు మొదలుపెట్టి, పూర్తిగా తగ్గి తిరిగి రావడం మొదలయ్యేసరికి వెనక్కి తిరగండి. కొండచరియ అంచు కింద కూర్చోకండి, మట్టి, రాళ్లు విరిగిపడుతుంటాయి. చరియను సుత్తితో కొట్టడం మరీ తప్పు. కింద రాలి ఉన్నవి ఏరుకుంటే చాలు.

## స్కార్‌బరో

1626లో ఇక్కడ ఖనిజపు నీటి ఊట బయటపడింది. ఆ నీళ్లు తాగడానికీ, తర్వాత సముద్ర స్నానాలకూ జనం రావడంతో ఇంగ్లండ్‌లో తొలి సముద్రతీర విహార పట్టణాల్లో ఒకటైంది. రెండు ఇసుక తీరాలు, మధ్యలో కొండ కొమ్ము మీద కోట. దక్షిణం వైపు ఆటల కొట్లు, ఐస్‌క్రీములు, రద్దీ. ఉత్తరం వైపు ప్రశాంతం, పీజ్‌హోమ్ పార్క్, 1931 నుంచి నడుస్తున్న బుల్లి రైలు.

అందంలో విట్బీతో పోల్చలేం. కానీ చంటిపిల్లలున్నవాళ్లకు కావాల్సింది మెత్తని ఇసుక, దగ్గర్లో బాత్రూమ్, తోపుడుబండి పోయే దారి. అవి ఇక్కడున్నంత బాగా ఈ తీరంలో ఇంకెక్కడా లేవు. కొండ మీద ఊరికీ బీచ్‌కూ మధ్య 1881 నాటి ట్రామ్ లిఫ్ట్ ఉంది, మెట్లెక్కే పని తప్పుతుంది. యార్క్ నుంచి రైల్లో గంట లోపే. నీళ్లు మాత్రం ఆగస్టులోనూ గడగడలాడిస్తాయి. విశాఖ సముద్రం అలవాటైనవాళ్లు ఒక్కసారిగా మెడలోతు దిగకండి. ఎరుపు పసుపు జెండాల మధ్యే ఉండండి.

## హెల్మ్స్‌లీ, రీవో

ఈ రోజును ఎవరూ పెద్దగా చెప్పరు, నాకు మాత్రం చాలా ఇష్టం. సముద్రం లేదు, హడావిడి లేదు. హెల్మ్స్‌లీ చిన్న సంత ఊరు, శుక్రవారం సంత. ఊరి పక్కనే కోట. అక్కడి నుంచి కారులో కాసేపటికి రీవో అబ్బే, 1132లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు కట్టుకున్న మఠం. గొర్రెల ఉన్నితో సంపన్నమై, వందలమంది ఉన్న మఠమై, 1538లో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో మూతపడింది. పైకప్పు లేదు. తోరణాల మధ్య పచ్చగడ్డి, చుట్టూ అడవి కొండలు. నేల ఇంచుమించు చదును, కాబట్టి పెద్దవాళ్లు చేయి పట్టుకోకుండా వాళ్లంతట వాళ్లు తిరగగలరు. మన గుళ్ల శిల్పం తెలిసినవాళ్లు ఆ స్తంభాల దగ్గర చాలాసేపు ఆగిపోతారు.

సాయంత్రం సట్టన్ బ్యాంక్ అంచుకు వెళ్లండి. మూర్ పడమటి చివర అది. కింద మైదానం మొత్తం పరుచుకుని కనపడుతుంది, పొద్దుగూకే వేళ ఎంత చూసినా తనివి తీరదు. కేఫ్, బాత్రూములు, చదునైన నడకదారి ఉన్నాయి. ఏ170 రోడ్డు అక్కడ నిట్రంగా ఎక్కుతుంది, లెర్నర్ ప్లేట్ ఈమధ్యే తీసినవాళ్లు స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వడం మేలు.

ఒక పొదుపు మాట. విట్బీ అబ్బే, రీవో, హెల్మ్స్‌లీ కోట, స్కార్‌బరో కోట, పికరింగ్ కోట అన్నీ ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థ చూసుకునేవే. విదేశాల నుంచి వచ్చినవాళ్లకు వాళ్లు 9 రోజులకు, 16 రోజులకు విజిటర్ పాస్ అమ్ముతారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్న రెండు మూడు చోట్లు చూస్తారనుకుంటే ఆ లెక్క వేసుకుని కొనండి.

## మూర్ మీద నడక

"అక్కడేముంది, ఖాళీ కొండలే కదా" అని మనవాళ్లు దాటేసేది ఇదే. ఏ169 రోడ్డు పక్కన హోల్ ఆఫ్ హార్కమ్ దగ్గర కారు ఆపి, ఫోటో తీసుకుని, విట్బీకి వెళ్లిపోతారు. అది దాదాపు 400 అడుగుల లోతు, ముప్పావు మైలు వెడల్పు ఉన్న పెద్ద గిన్నె. వేడ్ అనే రాక్షసుడు భార్య మీద కోపంతో గుప్పెడు మట్టి తీసి విసిరితే ఏర్పడిందని కథ. నిజానికి ఊటనీళ్లు వేల ఏళ్లుగా కొండను లోపలి నుంచి తొలిచాయి. అంచు వెంబడి పావుగంట నడిచినా, కారు దగ్గర నిలబడి చూసినదానికీ దీనికీ పోలికే ఉండదు.

పెద్దవాళ్లు మూర్ మీద నడవలేరనేది అపోహ. బ్లేకీ రిడ్జ్ దగ్గర పాత రోజ్‌డేల్ రైలు దారి ఉంది. 1861 నుంచి 1929 దాకా ఇనుప ఖనిజం మోసిన దారి. పట్టాలు తీసేశారు, బాట మిగిలింది. రైలు దారి కాబట్టి ఏటవాలు లేదు. మూర్ నడినెత్తిన చదునుగా ఎంత దూరం కావాలంటే అంత నడిచి వెనక్కి రావచ్చు. ఆగస్టులో రెండు పక్కలా వంగపండు రంగు, తేనెటీగల రొద. అడుగుల చప్పుడుకు పొదలోంచి ఎర్రటి గ్రౌస్ పక్షి ఒక్కసారిగా లేచి "గో బ్యాక్, గో బ్యాక్" అన్నట్టు అరుస్తూ పోతుంది.

జాగ్రత్తలు కొన్ని. పొదల్లో పేలు లాంటి పురుగులు, టిక్స్, ఉంటాయి. లైమ్ వ్యాధి వాటివల్లే వస్తుంది. నిండు ప్యాంటు వేసుకుని అంచులు సాక్సుల్లో దోపండి, ఇంటికొచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చంకల్లో చూడండి. ఆగస్టు 12 నుంచి గ్రౌస్ వేట మొదలవుతుంది, బోర్డులు పెట్టినచోట దారి మార్చుకోండి. రోజ్‌డేల్ నుంచి పైకి వచ్చే చిమ్నీ బ్యాంక్ రోడ్డు మూడడుగులకు ఒకడుగు లేస్తుంది. నావిగేషన్ అటు చూపినా వేరే దారి పట్టండి.

## మీరు ఎవరితో వెళ్తున్నారు?

అమ్మానాన్నకు మోకాళ్ల నొప్పులుండి, మీకు రెండు రోజులే ఉంటే: ఒక రోజు ఆవిరి రైలు, ఒక రోజు హెల్మ్స్‌లీ, రీవో. సముద్రం చూడాలని వాళ్లకు మరీ ఉంటే, విట్బీ దాకా వెళ్లే రైలు ఎక్కండి. స్టేషన్ రేవు పక్కనే, చదునుగా కాసేపు తిరిగి అదే రైల్లో వెనక్కి రావచ్చు.

బడికెళ్లే పిల్లలుంటే రాబిన్ హుడ్స్ బే, ఆటుపోట్లు కలిసొచ్చిన రోజున. చంటిపిల్లలుంటే స్కార్‌బరో. ఇద్దరూ ఉంటే చంటిబిడ్డ వైపే మొగ్గండి, పెద్దపిల్లలు ఇసుకలోనూ ఆడుకుంటారు.

మిడిల్స్‌బరోలో, తీసైడ్ యూనివర్సిటీలో చదివే మన పిల్లలకు కారు అక్కర్లేదు. మిడిల్స్‌బరో నుంచి విట్బీకి ఎస్క్ లోయ గుండా రైలుంది, గంటన్నర ప్రయాణం. రోజుకు కొన్నే రైళ్లు, తిరుగు రైలు వేళ ముందే రాసుకోండి. ఎక్స్93 బస్సు మిడిల్స్‌బరో నుంచి విట్బీ, రాబిన్ హుడ్స్ బే మీదుగా స్కార్‌బరోకు పోతుంది. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు అనుకుంటే లోయా మూరూ రెండూ చూసినట్టవుతుంది. రోజ్‌బెరీ టాపింగ్ అనే 320 మీటర్ల ముక్కు లాంటి కొండ కూడా అదే రైలు దారిలో, గ్రేట్ ఎయిటన్ స్టేషన్ నుంచి నడిచే దూరంలో ఉంది. కుర్రవాళ్లకు సగం రోజు పని. లీడ్స్, యార్క్ నుంచి వచ్చేవాళ్లకు పికరింగ్ మీదుగా విట్బీకి 840 కోస్ట్‌లైనర్ బస్సు. లీడ్స్ నుంచి మూడు గంటల పైమాటే, కానీ మూర్ మీదుగా వెళ్లే ఆ చివరి గంట కోసం పైడెక్కులో ముందు సీటు పట్టండి.

దంపతులిద్దరే అయితే ఆగస్టులో పొద్దున బ్లేకీ రిడ్జ్, సాయంత్రం విట్బీ. జనం వెళ్లిపోయాక, ఆరు దాటాక విట్బీ వేరే ఊరిలా ఉంటుంది. చలికాలం వెళ్లేవాళ్లకు ఇంకో లాభం: 2020 డిసెంబర్‌లో ఈ పార్క్‌కు అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్ గుర్తింపు వచ్చింది. మబ్బు లేని రాత్రి పాలపుంత మామూలు కంటికే కనపడుతుంది.

బస పికరింగ్‌లో పెట్టుకుంటే అన్నిటికీ మధ్యలో ఉంటారు, గది అద్దె కూడా ఆగస్టు విట్బీ కంటే చేతికందేలా ఉంటుంది. సముద్రపు చప్పుడు వింటూ నిద్రపోవాలంటే విట్బీ. వండుకునే వీలున్న కాటేజీ తీసుకోండి. బియ్యం, పప్పు, కుక్కర్ కారులోనే పెట్టుకెళ్లండి. ఈ పల్లెల్లో మన సరుకుల కొట్లు దొరకవు.

ముందుగా కొనాల్సినవి రెండే: ఆవిరి రైలు టికెట్లు, ఆగస్టు బస. మిగతావన్నీ పొద్దున్నే కిటికీ తెరిచి, గాలి ఎటునుంచి వీస్తోందో, సముద్రం ఎన్నింటికి తగ్గుతుందో చూసుకుని నిర్ణయించుకోవచ్చు. సాయంత్రం మూర్ మీదుగా తిరిగొచ్చేటప్పుడు నెమ్మదిగా నడపండి. అక్కడి రోడ్లకు కంచెలుండవు, చీకటి పడేవేళ తారు వెచ్చగా ఉంటుందని గొర్రెలు వచ్చి రోడ్డు మీదే పడుకుంటాయి.